నార్వే మీద ఎంతైనా రాసుకోవచ్చు

2011 మార్చి, మంగళవారం, ఎడిసన్

సుజాతక్క రాసిన పేరాని నా చేత్తో నేనే డిలీట్ చేశాను. ఇంకెవరో చేశారని రాసుకుంటే ఈ డైరీ కూడా దండగే.

తెలుగు సంఘం ఉగాదికి వేసే సావనీర్ సంచికకి ప్రెస్‌లో పేజీలు కట్టేది నేను. తను పనిచేసే స్వీట్ షాపు వంటింట్లో పన్నెండు గంటలు నిలబెడతారని, కూర్చోడానికి స్టూలు కూడా వెయ్యరని అక్క రాసింది. వెనక అట్ట మీద యాడ్ ఆ షాపుదే. ఎడిటర్ అంకుల్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"స్పాన్సర్ బాధపడతాడయ్యా. ఆ పేరా తీసెయ్."

"మరి నా వ్యాసం, అంకుల్?"

"నీది నార్వే మీదేగా! ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిది."

ఆమెది పోతుంటే నాది ఉంటుందా అని అడిగాను. సిగ్గులేనోణ్ణి.

ఇంతకీ నా వ్యాసం దేని గురించి? నోరు నొక్కినా రాయడం మానని వాళ్లకి నార్వేలో ఒక సాహిత్య అకాడమీ ఇచ్చే బహుమతి గురించి! కాలేజీ మొహం చూడనివాణ్ణి, లైబ్రరీలో డిక్షనరీ తిరగేసి రాశానని అందరికీ చెప్పుకున్నాను.

పేరా పోయిన ఖాళీలో మామిడాకుల బొమ్మ పెట్టాను. అందంగా కుదిరింది కూడా, ఛీ.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, నా దాంట్లో తప్పులుంటే దిద్దావా?"

"దిద్దానక్కా" అన్నాను.

గురువారం సాయంత్రం ఫైల్ ప్రింట్‌కి పోతుంది. ఒరేయ్, నన్ను నేనే అడుగుతున్నా: ఆ పేరా తిరిగి పెడతావా, నీ వ్యాసం పీకేస్తావా? రెండూ చేతకాకపోతే అక్కకి ఫోన్ చేసి నిజం చెప్పు. గురువారం పొద్దుటికల్లా నాకు జవాబు కావాలి.