పూచీకత్తు ఎవరి కోసం

శ్రీవారికి,

ఇక్కడ నేనూ, అమ్మాయీ, అత్తయ్యా కులాసా. అక్కడ మీరూ వేళకు తింటూ బాగానే ఉన్నారని తలుస్తున్నాను. అమ్మాయి పన్ను నొప్పి తగ్గిందా అని అడిగారు. ఆ పన్ను ఊడిపోయింది. ఇప్పుడా సందులోంచి ఈల వేస్తూ మా ప్రాణం తీస్తోంది. షాపులో రెక్సిన్ కుట్టు వంకర పోతోందని రాశాను కదా, మీరు చెప్పినట్టు సూది మార్చాక దారికొచ్చింది.

ఒక పన్ను సంగతి అయింది. ఇక రెండో పన్ను.

పోయిన నెల పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సోఫాల షాపు నడపాలంటే ముందుగా పూచీకత్తు ఇవ్వాలట. నాలుగుసార్లు చదివినా తలా తోకా తెలియలేదు. నేను ఒక్క వాయిదా తప్పలేదే! ఇంకెవరి ఉత్తరమో మన గుమ్మంలో పడిందనుకున్నాను. అత్తయ్య మాత్రం, "కట్టేదానివి దొరికావుగా, ఇంకా కట్టమంటున్నారు" అన్నారు.

ఆఫీసుకు వెళ్లాను. కళ్లజోడు ముక్కు చివరకు జార్చుకున్న అధికారిణి ఫైలు తిరగేశారు.

"మీ ఆయన పాత కంపెనీ పన్ను బాకీతో మూతపడింది. అదే పని, అదే వీధి, ఇప్పుడు మీ పేరు. ఇదీ మునిగితే మా గతేంటమ్మా? ఇందులో ఆయన చెయ్యి ఉందా?"

"ఆయన ఊళ్లోనే లేరండీ, పని కోసం పైఊరు వెళ్లారు."

"చెయ్యి లేదని, ఇకముందు కూడా ఉండదని రాసివ్వండి. పూచీకత్తు సంగతి మళ్లీ చూద్దాం."

ఇంతసేపూ రాయడానికి వెనకాడుతున్న మాట ఇదే. రాసిచ్చేశాను. మా ఆయనకు ఈ షాపుతో ఏ సంబంధమూ లేదని సంతకం కూడా పెట్టాను.

తిరిగొచ్చి కొలతల పుస్తకం తెరిస్తే, ప్రతి పేజీలోనూ మీ ఉత్తరాల్లోంచి ఎక్కించుకున్నవే: ఏ కుర్చీకి ఎంత స్పాంజి, ఏ గుడ్డ ఎటు మడవాలి. రేపు మీరొస్తే ఎక్కడ కూర్చోబెట్టను? గుమ్మం బయటా?

మర్నాడే వెళ్లి ఆ కాగితం వెనక్కి అడిగాను. "పని ఆయన దగ్గరే నేర్చుకున్నానండీ. వస్తే ఇక్కడే చేస్తారు" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అయితే పూచీ తప్పదు మరి" అన్నారు. మా అమ్మ నాకిచ్చిన గదిని బ్యాంకులో తాకట్టు పెట్టి హామీ కాగితం తెచ్చిచ్చాను. రెండేళ్లు పన్ను సక్రమంగా కడితే ఆ హామీ వదిలేస్తారట.

అబద్ధానికి ఖర్చు లేకపోయింది, నిజం చెబితే గది తాకట్టులోకి వెళ్లింది. నేను చేసింది తెలివో, తెలివితక్కువో ఇప్పటికీ తేలడం లేదు. మీరు కోప్పడతారో, నవ్వుతారో అదీ తెలియదు. షాపు కాగితాల్లో రెండో పేరుకు ఖాళీ ఉంటే, మిమ్మల్ని అడక్కుండానే మీ పేరు రాశాను. సంతకం మాత్రం మీరే వచ్చి పెట్టాలి.

ఇట్లు,
ఏమీ పాలుపోని
మీ ఆవిడ