క్యాసెట్‌లో నీ సగం

దోహా, 1981

లస్మయ్య బావకు,

నువ్వు డప్పు గోడకు తగిలించి ఏడాదైందని చెల్లె ఎల్లవ్వ రాయించింది. మీరంతా దుబాయ్ అనే ఈ ఖతార్‌కు నేను బయలుదేరిన నాడు నువ్వు బస్సు దాకా కూడా రాలేదు. డప్పు జోడును విడిచి వచ్చానన్న ఆ కోపం ఇంకా ఉందన్నమాట. ఉండనీ.

మొన్న ఒక హోటల్లో స్టేజీ కట్టే డ్యూటీ పడింది. ఎక్కడో పెరూ దేశపు కొండల నుంచి ఆటవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు లంగాలు గిర్రున తిప్పుతూ అడుగులు వేస్తుంటే నేను బిగించిన చెక్కలన్నీ అదిరాయి. పక్కన ఇద్దరు రెల్లు గొట్టాలు ఊదుతున్నారు. ఒకడు ఆగితే రెండోవాడు అందుకుంటాడు. మా కూలీల క్యాంపులో ఉండే హన్మాండ్లుకు కాస్త ఇంగ్లీషు వచ్చు. అడిగి వచ్చి చెప్పాడు.

“సగం పాట ఈనికాడ, సగం ఆనికాడ ఉంటదట. ఒక్కడే ఊదితే ఏం రాదట!”

మన జోడూ అంతే కదా బావా. నేను డప్పు మీద దరువుతో అడిగితే నువ్వు ఎగిరి జవాబిచ్చేవాడివి. ఇక్కడ ఎంత కొట్టినా అడగడమే అవుతోంది.

క్యాంపులో అందరూ క్యాసెట్లో మాటలు నింపి ఇంటికి పంపుతారు. నేను నూనె డబ్బా మీద మన దరువు కొట్టి పంపుతున్నాను. మధ్యమధ్య చప్పుడు ఉండదు. టేపు చెడిపోయిందని ఎల్లవ్వ ఆపబోతుంది, ఆపనియ్యకు.

ముందు డప్పును మంట మీద బాగా కాచుకో. ఆ తర్వాతే క్యాసెట్ పెట్టు. చప్పుడు లేని చోటల్లా నేను నీ కోసం ఆగాను.

నీ జోడు