వాగు వైపు మట్టి

ప్రియమైన బావకి,

మీ మఠాధిపతి బీరు పీపాలో కప్పను వేసి తన్నులు తిన్న ఓర్డ్‌గార్‌నే రాస్తున్నాను. నన్ను మఠం నుంచి తరిమేసేలోపు నువ్వు నేర్పిన నాలుగు అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. చదివాక దీన్ని పొయ్యిలో పడెయ్.

సముద్రం దాటొచ్చిన దొర మా వీధిలో పదహారు ఇళ్ళు కూలగొట్టాడు, మాదీ పోయింది. ఆ జాగాలో మా చేతే కందకం తవ్వించి, ఆ మట్టితోనే దిబ్బ పోయించాడు. దిబ్బ మీద కొయ్య బురుజు, కింద గుర్రాలకీ సైనికులకీ దడి కట్టిన ఆవరణ. పైన కాపలావాడు నిలబడితే ఎవరి కుండలో ఏం ఉడుకుతోందో కూడా తెలిసిపోతుంది. కట్టిందే అందుకు. మూరెడు మట్టి పోసి, జానెడు తడి బంకమన్ను పరిచి, దిమ్మిసలతో కొట్టి, మళ్ళీ మట్టి పోయాలి. వాగు వైపు పని నా ముఠాది. అక్కడ నేను బంకమన్నుకు బదులు కంపలు పరిచి పైన బురద పూశాను. మేస్త్రీ ఫుల్క్ వచ్చి తొక్కి చూసి, "బాగానే గట్టిపడిందే" అన్నాడు. "మీ దొర గుండెలాగే ఉంది బాబూ" అన్నాను. మావాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు. పెద్ద వాన పడితే దొర బురుజుతో సహా వాగులోకి జారతాడని రోజూ మురిసిపోయాను.

మొన్న దొర ఊరి పిల్లల్ని ఏడుగురిని పట్టుకెళ్ళి బురుజు పై గదిలో పెట్టాడు. మేం నిప్పు పెడితే ముందు కాలేది వాళ్ళేనట. అందులో మా కూతురు హిల్డ్ ఉంది. దానికి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి వాన తెరిపివ్వలేదు. మీ చెల్లికి కంపల సంగతి తెలియదు. "పోనీలెండి, పైన తడవకుండా ఉంటుంది" అని తనే నన్ను ఓదారుస్తోంది. దిబ్బ జారితే అదీ వాగులోకే బావా. చెబితే ఉరి. అయినా రేపు వెళ్ళి, చేసింది నేనొక్కడినేనని చెబుతాను. నేను తిరిగి రాకపోతే మీ చెల్లిని చూసుకో.

నీ చెల్లెలి మొగుడు,
ఓర్డ్‌గార్

బావా,

ఉరి తీయలేదు. ఫుల్క్ అంతా విని, తీరిగ్గా ముక్కు చీదుకుని, "నిన్ను చంపితే కంపలు ఎక్కడెక్కడున్నాయో నాకెవడు చెబుతాడురా?" అన్నాడు. "పిల్లని దింపండి బాబూ, అంతా తవ్వి మళ్ళీ కడతాను" అన్నాను. "అది పైనే ఉంటుంది. నువ్వెంత గట్టిగా కడితే దానికంత క్షేమం" అన్నాడు.

కట్టాను. వానలోనే పదకొండు రోజులు కట్టాను. నిన్నటిదాకా నాతో నవ్విన వాళ్ళనే బూతులు తిట్టి, చేతులు పొక్కులెక్కేదాకా దిమ్మిసలు వేయించాను. ఇప్పుడు ఆ దిబ్బ మన మనవల కాలానికి కూడా కదలదు. మా ముఠాలో వాళ్ళు నేనెదురైతే ఉమ్మేసి పోతున్నారు.

ఇంకో సంగతి. దొర నన్ను మేస్త్రీని చేశాడు. తరవాతి దిబ్బ మీ మఠం పక్కనే. మీ ఊరి వాళ్ళనే కూలికి పడతారు. అక్కడి పై గదికి హిల్డ్‌నీ తీసుకొస్తున్నారు. అందుకని మీవాళ్ళకు ముందే చెప్పు బావా, మట్టిలో ఎవరూ ఏమీ కలపొద్దని. కలిపితే కనిపెడతాను. కనిపెడితే దాచను.

ఓర్డ్‌గార్