మంత్రిగారింట్లో తెడ్డు

సౌభాగ్యవతి అంకాలమ్మకు,

నా రాత పీతలు ఇసకలో పాకినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఏమనుకోకుండా పక్కింటి చెంచమ్మ చేత నిదానంగా చదివించుకో. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ కూతురూ, పసిబిడ్డా, కానుపుకు తోడు వెళ్ళిన నువ్వూ సుఖంగా ఉన్నారని తలుస్తాను.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పులుసు మాత్రం నువ్వు పెట్టినట్టు కుదరడంలేదు. కోడిపెట్ట తొమ్మిది పిల్లల్ని చేసింది.

మొన్న ఆదివారం మన చేపల సంఘం వాళ్ళు బస్సు మాట్లాడి, కాలంచేసిన మంత్రిగారి ఇళ్ళు చూపించారు. ముందు ఆయన పుట్టిన పల్లెటూరి ఇల్లు. ఆయన ఊగిన ఉయ్యాల ఇంకా ఉంది. మన సంఘం మస్తానయ్య అందులో కూర్చోబోతే అందరం పట్టి లాగాం. తర్వాత నెల్లూరిలో ఆయన కాపురమున్న మేడ. అక్కడ గోడకు ఒక తెడ్డు కట్టి ఉంది. ఉప్పు సత్యాగ్రహం నాడు పోలీసులకు చిక్కకుండా మంత్రిగారు తానే పడవ నడుపుకుని వాగు దాటిన తెడ్డు అని ఇల్లు చూపించే గుమాస్తా చెప్పాడు.

కర్ర ఎండి బీటలు వారుతోంది. నాకు తెలియకుండానే చెయ్యి దానిమీదికి పోయింది.

“ముట్టుకోబాక పెద్దాయనా!” అన్నాడు గుమాస్తా.

“చేపనూనె పట్టించండయ్యా, పగిలిపోతాది” అన్నాను.

“మా ముత్యాలయ్య మామ నోరు తెరిచినాడ్రోయ్! ఈరోజు వానొస్తాది!” అని మస్తానయ్య అరిచాడు.

ఆ నవ్వులకు మంత్రిగారి భార్య వెంకటశేషమ్మగారు లోపలినుంచి వచ్చారు. “ఆయన పడవ నడపడమేంది? చెరువులో కాలు పెట్టాలన్నా భయమే ఆయనకి. ఎవరిదయ్యా ఇది, నీకేమన్నా తెలుసా?” అని నన్నే అడిగారు.

అంకాలమ్మా, ఇక దాచను. పిడిమీద మీ నాయన చెక్కిన చేపతోక గుర్తు ఉంది. మన పెళ్ళికి ఆయన ఇచ్చిన తెడ్డే అది. అలకు కొట్టుకుపోయిందని నీతో అబద్ధం చెప్పాను. మంత్రిగారిని వాగు దాటించింది నేను. దారంతా ఆయనకు వాంతులే. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుని, బురదలో ఊతకర్రగా ఆ తెడ్డు పట్టుకుపోయారు. నేను చేతులతో నీళ్ళు తోసుకుంటూ ఇల్లు చేరాను. నువ్వు తిట్టావు. మీ నాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. తెల్లదొరలు పోయాకైనా చెప్పవలసింది, నాకే నోరు రాలేదు. అల్లుడు తెడ్డు పట్టడం చేతకానివాడు అనుకుంటూనే ఆయన కన్నుమూశాడు.

అదంతా వెంకటశేషమ్మగారికి చెప్పాను. “మీ తెడ్డు మీరు తీసుకుపోండి. లేదంటే ఈడనే ఉంచి, చెక్కినాయన పేరు రాయిస్తా” అన్నారు.

“అది మా ఇంటిదాని పుట్టింటి సొత్తమ్మా. ఆమెనడిగి చెప్తా” అన్నాను.

తెమ్మంటే పోయి తెస్తాను. ఉండనిమ్మంటే చిన్నపోలయ్య అనే మీ నాయన పేరు ఆ మేడ గోడకెక్కుతుంది. నన్ను తిట్టాలని ఉంటే అదీ రాయించు, కానీ తొందరగా రాయించు. జవాబు కోసం ఆ అమ్మగారు చూస్తున్నారు, అంతకన్నా నేను చూస్తున్నాను.

ఇట్లు,
నీ పెనిమిటి
ముత్యాలయ్య