కిటికీ పక్క మంచం

అక్టోబర్ 3, శుక్రవారం

రూమ్‌కి వాషింగ్ మెషిన్ వచ్చింది. పెట్టడానికి చోటు లేదు. ఇక్కడ గల్ఫ్‌లో, బలద్ అనే పాతపేటలో ఈ పాత బిల్డింగ్‌లో నలుగురం ఒకటే గది. మంచాలు పోగా మిగిలిందంతా నవాజ్ కార్టన్లే. అతను ఇంటికి వెళ్లేది వచ్చే ఏడు. దుప్పట్లు, సెంట్లు, పాలపొడి ఇప్పుడే కట్టి తాళ్లు బిగించాడు.

ఐడియా నాదే. అందరి అవసరానికి ఎవరి చోటైనా తీసుకునే పవర్ రూమ్ పెద్ద మస్తాన్ వలీకి ఇద్దాం, చోటు పోయినవాడికి పరిహారం ఇద్దాం, గ్రూప్‌లో పోల్ పెడదాం అన్నాను. హైవేకి భూములు తీసుకోరా, అలాగే. నవాజ్ మొహం చూడాలి!

అక్టోబర్ 4

మూడు–ఒకటి. గెలిచాం. ఓటు చాలా గొప్పది.

అక్టోబర్ 5

మస్తాన్ వలీ టేపు పట్టి గదంతా కొలిచాడు. నీళ్ల పైపు నా మంచం వెనకే ఉందట. పైపు యాడుంటే ఆడే కదప్పా మెషిన్ పెట్టాల, అన్నాడు. ఆ పైపు వేసింది నేనే. ప్లంబర్‌ని! మర్చిపోయాను.

రూమ్‌లో సిగ్నల్ వచ్చేది నా మంచం పక్క కిటికీ దగ్గరొక్కచోటే. జగిత్యాలలో ఉన్న నా భార్య సంధ్య మొహం నాకు కనిపించేది ఆ మంచం మీదే. పరిహారంగా రెండు నెలలు నాకు వంట డ్యూటీ లేదట. వంటంటే నాకు ఇష్టం.

అక్టోబర్ 9

తలుపు దగ్గర పడుకుంటున్నాను. వీడియోలో సంధ్య ముక్కలుగా వస్తోంది. నిన్న కళ్లు, ముక్కు వచ్చాయి, నోరు రాలేదు. నాకు ఏడుపొచ్చింది. నా చోట్లో మెషిన్ మా నాలుగోవాడు మొండయ్య లుంగీలు తిప్పుతోంది.

అక్టోబర్ 12

పవర్ రద్దుకి పోల్ పెట్టాను. రేపు నీ మంచం కూడా పోతుందని మొండయ్యకి చెప్పాను. పోతే పోనియ్, బట్టలైతే ఉతుకుతుంది గదా, అన్నాడు. అతని వంట డ్యూటీ కూడా నేనే చేస్తానంటే ఒప్పుకున్నాడు. నవాజ్‌ని బతిమాలుతూ అతని కార్టన్లకి రెండో తాడు బిగించాను.

అక్టోబర్ 17, శుక్రవారం

మూడు–ఒకటి! మెషిన్ బాత్‌రూమ్ గుమ్మంలోకి పోయింది. లోపలికి అడ్డంగా తిరిగి వెళ్లాలి. నా మంచం కిటికీ దగ్గరికి వచ్చింది. సంధ్య మొత్తం కనిపించింది. ఇన్నాళ్లూ ఫోన్ సరిగా చేయలేదని అరగంట తిట్టింది. ఎంత హాయిగా ఉందో.

అక్టోబర్ 18

పొద్దున బలదియా జీపు వచ్చింది. మున్సిపాలిటీ వాళ్లు నా కిటికీ కింద గోడ మీద ఎర్ర పెయింట్‌తో రాసి వెళ్లారు. రోడ్డు వస్తోందట, బిల్డింగంతా ఖాళీ చేయాలట. పరిహారం ఓనర్‌కట.

పోల్ లేదు.

నవాజ్ కార్టన్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతనివి అన్నీ కట్టే ఉన్నాయి.