ఒంటిచేతి చొక్కా

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా బాగున్నామని రాయబోయి ఆగాను. ప్రాణాలతో ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన పాత కుట్టుమిషన్ చేరింది. దారం చిక్కుపడుతోందా అని అడిగావు. మొదటివారం దారంతోపాటు నా వేలు కూడా చిక్కుకుంది. ఇప్పుడు దానికీ నాకూ రాజీ కుదిరింది.

మా ఆయన కుడిచెయ్యి ఎలా ఉందన్నావు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది, చెయ్యి ఇంకా లేవడం లేదు. మాట మాత్రం కాస్త తేటపడింది. తన చొక్కా తను తొడుక్కోలేకపోవడమే ఆయన్ని తినేస్తోంది. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి, నేను గుండీలు పెడుతుంటే కళ్ళు మూసుకుంటారు. అందుకే ఆయన పాత చొక్కాలు విప్పి కుట్టడం మొదలుపెట్టాను.

మొదటిదానికి గుండీలు తీసేసి టిచ్ బటన్లు వేశాను. అవి నొక్కాలన్నా రెండు చేతులు కావాలని కుట్టాక గాని తట్టలేదు. రెండోదాన్ని పసిపిల్లల చొక్కాలా వీపువైపు చీల్చాను. ఆయన గోడవైపు తిరిగి, "ఉయ్యాల కూడా కట్టు, పడుకుంటాను" అన్నారు. మూడోదానికి కుడిచేతిని తిరగేసి కుట్టేశాను. అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూనే ఆయన ఏడ్చేశారు.

నాలుగోది కుదిరింది. కుడిపక్క కుట్టును నడుము నుంచి చంక దాకా, అక్కణ్ణుంచి చేతి చివరిదాకా విప్పి వెల్‌క్రో పట్టీ వేశాను. ముందు గుండీల చోటా అదే. వాలిన చేతిని ఒళ్ళోనే ఉంచుకుని, దానిమీద చొక్కా పరిచి, ఎడమచేత్తో అంటించుకుంటూ రావచ్చు.

అక్కా, దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ఆ నాలుగోది ఆయన డ్యూటీ చొక్కా. ఈ చెయ్యి ఇక స్టీరింగ్ పట్టదని పక్షవాతం వచ్చిన మొదటివారమే డాక్టరు నాతో చెప్పాడు. ఆయనకు చెప్పలేదు, నీకూ రాయలేదు. మూడు నెలలు ఓపిక పట్టమన్నారని అబద్ధమాడాను. ఆ మూడు నెలలూ అయిపోయాయి. రోజూ పొద్దున్నే "చొక్కా ఇస్త్రీ చేశావా?" అని అడుగుతున్నారు. మొన్న మళ్ళీ అడిగేసరికి, నోటితో చెప్పే ధైర్యం లేక, ఆయన ఎదురుగానే కూర్చుని దాన్ని కత్తిరించాను. చూస్తే అర్థమవుతుందనుకున్నాను. కోపంతో కూడా కత్తిరించాను, నీ దగ్గర దాపరికమెందుకు. కత్తెర ఆడినంతసేపూ ఆయన చూస్తూ కూర్చున్నారు.

ఈ పొద్దున వంటింట్లోంచి వచ్చేసరికి ఆ చొక్కా తొడుక్కుని ఉన్నారు. ఎవరి సాయమూ లేకుండా. తల దువ్వుకుని, గడప దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"డ్యూటీకి ఆలస్యం కాకూడదనేగా ఇలా కుట్టావు," అన్నారు. "డిపో దాకా తోడు రా. నేను బండి తీసేదాకా ఉంటే చాలు."

అక్కయ్యకు ఉత్తరం రాసి వస్తానన్నాను. ఇప్పటికి రెండుసార్లు అడిగారు, ఇంకా అవలేదా అని. నీకు అన్నీ రాసేశాను, రాయడానికి ఇంకేం మిగల్లేదు. ఇక డాక్టరన్న మాట ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఉత్తరం అందగానే బయల్దేరి రా. అది విన్నాక ఆయన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఓదార్చుకోలేను.

మళ్ళీ పిలుస్తున్నారు. లేస్తున్నాను.

ఇట్లు,
నీ చెల్లి