ఎనిమిది డాలర్ల పెరడు

ఎల్మ్‌ఫోర్డ్, అయోవా
1984 జూన్ 18, సోమవారం

చిరంజీవి డార్లాకు, పక్క వీధి అల్మా ఆశీస్సులతో రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది. మీ అమ్మ పంపిన ఆపిల్ పై తినేశాను, పళ్ళెం కడిగి అరుగు మీద పెట్టాను, వచ్చినప్పుడు పట్టుకెళ్ళు.

శనివారం నా తలుపు సందులో నువ్వు పెట్టిపోయిన చీటీ చదివాను. సగం గడ్డి ఎవరో ముందే కోసేశారు కాబట్టి ఎనిమిది డాలర్లు కాదు, నాలుగే తీసుకుంటానన్నావు. ఇంకొకళ్ళని పెట్టుకుంటే చెప్పండి, వేరే ఇల్లు చూసుకుంటానన్నావు. పదిహేనేళ్ళకే ఎంత రోషమే నీకు. మే నెలలో వీధిలోంచి చూసి ఆరన్నావు, పెరడంతా నడిచి చూశాక ఎనిమిదన్నావు. అప్పుడు సణిగాను గానీ, ఆ పల్లానికి, ఆ ప్లమ్ చెట్లకి అది సబబైన ధరే. నేను ఎవరినీ పెట్టుకోలేదు.

మూడు వారాలుగా అదే సగం, వెనక సందు వైపుది. మొన్న శనివారం తొమ్మిదింటికి కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాను. గడ్డి చీలమండలు మునిగేంత ఉంది. కప్పు కడిగి తలెత్తేసరికి నున్నగా ఉంది. నాకు చప్పుడు వినపడలేదు. కంచె అవతలి లొరీన్ మాత్రం, శనివారం కూడా నిద్రపోనివ్వవా అల్మా, ఆ గడ్డి కోసే మిషనేదో కాస్త ఆలస్యంగా తియ్యకూడదా అని దెప్పింది. మా మిషను ఏప్రిల్లో వేలంలో అమ్మేశాను.

వెళ్ళి చూశాను. కోసిన గడ్డి ఇంకా తడిగా ఉంది, పెట్రోలు వాసన వేస్తోంది. మోకాలు బాగోక మా ఆయన ఆర్విడ్ ప్రతి వరస చివరా మిషనుని వెనక్కి లాగి తిప్పేవాడు, అక్కడ నేల కాస్త గీరుకుపోయేది. ఆ గీతలన్నీ ఉన్నాయి. భయం వేసింది, నీ దగ్గర దాచడమెందుకు. తరవాత మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

పోయిన జూలైలో ఆయన సంగతి నీకు తెలిసిందే. వద్దు వద్దంటున్నా వినకుండా మండుటెండలో గడ్డి కొయ్యబోయి, గుండె ఆగి పోయాడు. శవపేటిక మోసినవాళ్ళలో మీ నాన్న కూడా ఉన్నాడు.

కాబట్టి శనివారం వద్దు, ఇకనుంచి శుక్రవారాలు రా. పెరడంతా కొయ్యి, సందు వైపు కూడా. ఒక్క పరక మిగల్చకు. ఆయన వచ్చి చూస్తే చెయ్యడానికి పనంటూ ఉండకూడదు. అప్పుడైనా విశ్రాంతి తీసుకుంటాడేమో. పది డాలర్లిస్తాను, బేరం లేదు. భయమైతే మీ నాన్నని తెచ్చుకో, నేనూ పక్కనే నిలబడతాను. ఎండెక్కితే మాత్రం ఎక్కడిది అక్కడ ఆపేసి నీడకి రావాలి. ఈ ఒక్క మాట నువ్వు వినాలి.

నీ మేలు కోరే,
అల్మా ట్వెయిట్

తా.క. వద్దన్నానని ఊరందరికీ చెప్పాను. అబద్ధం. ఆ రోజు ఆయన, నువ్వు పంచిన గడ్డి కోత ధరల కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఎండ మండిపోతోందే, ఈ ఒక్కసారికి ఆ పిల్లని పిలుద్దాం, అయిదు డాలర్లేనట అన్నాడు. నేను గిన్నెలు తోముకుంటూ, వెనక్కి కూడా తిరక్కుండా, నీకు చేతుల్లేవా, డబ్బులేమన్నా చెట్లకి కాస్తున్నాయా అన్నాను. వెళ్ళి మిషను బయటికి తీశాడు. వీధి వైపు సగం పూర్తిచేసి పడిపోయాడు. నేను వెళ్ళేసరికి మిషను ఇంకా మోగుతూనే ఉంది. ఇప్పుడు కోస్తున్నది ఆ రోజు మిగిలిపోయిన సగం. మొన్న పెరట్లో నిలబడి, ఇక చాలు, లోపలికి రా అని ఎన్నిసార్లు పిలిచానో. పంపింది నేను. ఆపడం నా వల్ల కావడం లేదు డార్లా, శుక్రవారం తప్పకుండా రా.